గోదారి కొస చూడబోయిన లష్కరు

నిజామాబాదు జిల్లాలో గోదావరి ఒడ్డున ఒక ఊళ్ళో లింబాద్రి అనే కాలువ లష్కరు ఉండేవాడు, అతనికి ఎవరి మాటైనా సగమే వినే అలవాటు ఉండేది. లష్కరంటే కాలువ గేట్లు ఎత్తి, దించి, పొలాలకు నీళ్ళు పంచేవాడు. ఆ పనిలో అతనికి వంక పెట్టడానికి లేదు. గట్టు మీద నిలబడి నీళ్ళ చప్పుడు విని, ఎవరి పొలం దగ్గర గండి పడిందో చెప్పేవాడు. ఇరవై ఆరేళ్ళుగా రైతులు నీళ్ళ కోసం అతని దగ్గరికే వచ్చేవారు. వాళ్ళు నోరు తెరవగానే సంగతేమిటో అతనికి తెలిసిపోయేది. "సమజైంది, సమజైంది, నువ్వు పో" అనేవాడు. పదిసార్లలో తొమ్మిదిసార్లు అతనికి నిజంగానే అర్థమయ్యేది. అలవాటు ముదిరిపోవడానికి అదే కారణం. తొమ్మిదిసార్లు నెగ్గినవాడు పదోసారి మాత్రం ఎందుకు ఆగుతాడు?

మనిషి మంచివాడు. ఆ సంగతి ముందే చెప్పేస్తున్నాను, ఎందుకంటే ఈ కథలో అతన్ని కొంచెం దులపక తప్పదు. తల్లి నర్సుబాయి అంటే అతనికి ప్రాణం. అవ్వా అని పిలిచేవాడు. ఆమెకు డెబ్భై రెండేళ్ళు. రెండు మోకాళ్ళూ అరిగిపోయాయి. పుట్టింది గోదావరి ఒడ్డునే, కాపురానికి వచ్చిందీ ఆ ఒడ్డునే. పుట్టి బుద్ధెరిగినప్పటి నుంచి ఆ నీళ్ళే తాగింది, ఆ నీళ్ళలోనే బట్టలుతికింది. ఒకరోజు పొయ్యి ముందు కూర్చుని జొన్నరొట్టె కాలుస్తూ కొడుకుని అడిగింది.

"ఇన్ని నీళ్ళు ఇన్నేండ్ల సంది పోతనే ఉన్నయి గదరా లింబా. పోయి పోయి యాడ కలుస్తున్నయో, ఆ కొస ఒక్కపారి చూడాలని ఉన్నది."

సముద్రంలో కలుస్తాయని లింబాద్రి చెప్పాడు. ఆ ముక్క తనకూ తెలుసనీ, తెలియడం వేరు, చూడడం వేరనీ ఆమె అంది. ఈ ఏడు ఇంకా కర్ర పట్టుకుని నాలుగడుగులు వెయ్యగలుగుతున్నాననీ, వచ్చే ఏటికి ఆ నమ్మకం లేదనీ కూడా అంది. లింబాద్రి భార్య గంగామణి ఆ మాట విని, ఈ ఏడే వెళ్దాం అని తీర్మానించేసింది.

వానాకాలం పంట కోతకొచ్చి కాలువలకు నీళ్ళు ఆపేశాక లింబాద్రికి వారం రోజులు సెలవు దొరికింది. అతని ఆఫీసులో పనిచేసే గుమాస్తా ఒకాయనది గోదావరి సముద్రంలో కలిసే వైపే, గవ్వలపాలెం అనే మత్స్యకారుల ఊరు. అక్కడ తన అక్క మసేనమ్మ ఉంటుందనీ, వాళ్ళింట్లోనే దిగమనీ ఆయన చెప్పాడు. రైలెక్కారు. రైలు దిగి బస్సెక్కారు. అంతవరకూ ఏ తప్పూ జరగలేదు, ఎందుకంటే రైలుకీ బస్సుకీ దారి వాటికే తెలుసు.

చిక్కంతా బస్సు దిగి ఆటో దగ్గరికి వచ్చాక మొదలైంది. ఆ వైపు ఆటోలు మనుషులు నిండితేగాని కదలవు. స్టాండులో ఒక డ్రైవరు దారి చెప్పబోయాడు. గవ్వలపాలెం ఆటోలు ఇక్కడే ఉంటాయి, అయితే, అని అతను అంటూ ఉండగానే లింబాద్రి సమజైంది అనేసి, నిండి కదలబోతున్న మరో ఆటోలో తల్లినీ, భార్యనీ, సంచుల్నీ ఎక్కించేశాడు. అరగంటకి ఆ ఆటో రొయ్యల చెరువుల మధ్య ఆగింది. అందులోవాళ్ళంతా చెరువుల మీద కూలికి వచ్చినవాళ్ళు. గవ్వలపాలెం ఆటో ఏది అని అడిగితే, అది స్టాండులో రెండో వరసలో ఉంటుందని చెప్పి పనిలోకి దిగిపోయారు. చివరికి రొయ్యల మేత బస్తాలు దింపి వెనక్కి వెళ్తున్న ట్రాలీ ఒకటి వాళ్ళని ఎక్కించుకుంది. ముగ్గురి బట్టలూ మేత కంపు కొట్టాయి. నర్సుబాయి కొంగుతో ముక్కు మూసుకుని, కొడుకు వైపు తిరిగింది.

"కొడుకా, ఆ స్టాండుల డ్రైవరు ఇంకా నోరు మూయలే. నువ్వప్పుడే బండెక్కినవ్" అంది.

గంగామణి అటు తిరిగి నవ్వుకుంది. లింబాద్రి కూడా నవ్వాడు. నవ్వి మరిచిపోయాడు.

స్టాండుకి తిరిగొచ్చి సరైన ఆటో ఎక్కారు. అది దిగాక రేవు దాటాలి. పడవలో సైకిళ్ళూ, చేపల తట్టలూ, బడి మాస్టారొకాయనా, రెండు మేకలూ ఎక్కాయి. నర్సుబాయి ఆడవాళ్ళ మధ్య కూర్చుని ఎవరికి ఎందరు పిల్లలో వాకబు చెయ్యసాగింది. లింబాద్రి మాత్రం పడవ కొసన నిలబడి నీళ్ళ వంకే చూస్తున్నాడు. ఎన్నో ఏళ్ళ తర్వాత తమ్ముడింటికి వచ్చినంత సంబరంగా ఉంది అతనికి. తన ఊరి నీళ్ళే ఇవి. ఇంతలో ఒక వింత కనిపించింది. నీటిమీద తేలే గుర్రపుడెక్క దుబ్బులు సముద్రం వైపు పోవడం మాని, ఎదురు పైకి పోతున్నాయి. పడవ నడిపే సరంగు అతని ముఖం చూసి, ఇది ఎదురెక్కే నీరండి, అని మొదలుపెట్టాడు. లింబాద్రి చెయ్యెత్తి ఆపాడు. సమజైందనీ, గాలికి కొట్టుకుపోతున్నాయనీ తనే చెప్పాడు. సరంగు గెడ వేసుకుంటూ ఊరుకున్నాడు. వద్దన్నవాడికి చెప్పడానికి అతనికి తీరికెక్కడిది?

గవ్వలపాలెంలో మసేనమ్మ వాళ్ళని సొంతవాళ్ళలా చూసుకుంది. యాభై అయిదేళ్ళ మనిషి, గొంతు పెద్దది, చెయ్యి ఇంకా పెద్దది. పొద్దున లేస్తే చేపలు ఉప్పు పట్టించడం, మధ్యాహ్నం వల లాగడం ఆమె పని. నర్సుబాయి మూట విప్పి జొన్నరొట్టెలు తీస్తే, మసేనమ్మ చింతకాయ వేసి వండిన మెత్తళ్ళ చేపల కూర తెచ్చింది. ఇద్దరూ ఎదురెదురుగా కూర్చుని తిన్నారు. ఒకరి మాట ఒకరికి పూర్తిగా తెలియకపోయినా నర్సుబాయి మాత్రం ప్రతి మాటా చివరిదాకా వినేది. తెలియనిది మళ్ళీ అడిగేది. రెండో రోజుకల్లా వాళ్ళు చిన్ననాటి స్నేహితుల్లా అయిపోయారు.

గోదారి కొస చూడాలన్న ఆమె కోరిక విని మసేనమ్మ, దానిదేముంది, ఎల్లుండి పొద్దున తమ పడవ ఖాళీగా ఉంటుంది, అందులో కూర్చోబెట్టి తీసుకెళ్తాను, అని మాటిచ్చింది. నర్సుబాయికి అది చాలు. కాని లింబాద్రికి ఎల్లుండి చాలా దూరంగా కనిపించింది. తల్లి కోరిక తనే తీర్చాలని అతనికి ఆశ. ఆ ఆశ మంచిదే. తొందరే మంచిది కాదు.

మర్నాడు పున్నమి. మధ్యాహ్నం భోజనాలయ్యాక అతను మసేనమ్మ దగ్గరికి వెళ్ళి, కొసకి నడిచి వెళ్ళే దారి లేదా అని అడిగాడు. ఆమె చేపలకి ఉప్పు జల్లుతోంది. తల ఎత్తకుండానే చెప్పింది.

"ఉందండి తమ్ముడుగారూ. కొసన ఇసక దిబ్బ ఉంటాది, దానికీ మనకీ మధ్య చిన్న పాయ. ఇప్పుడు పాటు కదండి, నీళ్ళు తీసేసి ఉంటాయి. మోకాలి లోతే. నడిచి దాటేయొచ్చు. అయితే..."

"సమజైందక్కా."

"మొత్తం ఇనండి తమ్ముడుగారూ."

"గోదారి నీళ్ళు నాకు కొత్తనా అక్కా? అవి మా ఊరి నీళ్ళే గదా" అని నవ్వుతూ అతను వెళ్ళిపోయాడు.

మసేనమ్మ చేతులు కడుక్కుని వీధిలోకి వచ్చేసరికి ముగ్గురూ లేరు. ఐసు పెట్టెలు తీసుకుని పాయ వైపు వెళ్తున్న ట్రాక్టరొకటి వాళ్ళని ఎక్కించుకుపోయింది. అదే సమయానికి వల లాగడానికి రమ్మని బీచి నుంచి కేకలు వినిపించాయి. ఆమె నిలబడి ఒక్క క్షణం ఆలోచించింది. బీచిలో ఉంటే దిబ్బ ఎదురుగానే కనిపిస్తుంది, వాళ్ళు తిరిగి రావడం చూడొచ్చు, అనుకుని అటు నడిచింది.

పాయ దగ్గర నీళ్ళు నిజంగానే మోకాలి లోతే ఉన్నాయి. అడుగున ఇసుక కనిపిస్తోంది. లింబాద్రి తల్లిని ఒక పక్కా, గంగామణి ఇంకో పక్కా పట్టుకుని మెల్లగా దాటించారు. దిబ్బ మీద గట్టి ఇసుకలో కర్ర ఆనించుకుంటూ, ఆగుతూ, నర్సుబాయి నడిచింది. కొసకి చేరేసరికి చాలాసేపు పట్టింది.

అక్కడ ఆమె చూసింది. ఇటు నుంచి మట్టిరంగు నీళ్ళు, అటు నుంచి పచ్చటి నీళ్ళు. రెండూ కలిసే చోట నురగ గీసిన గీత. ఆ గీత దాటాక గోదారి లేదు. నర్సుబాయి కర్ర కింద పెట్టి, ఇసుకలో చతికిలబడి, కాళ్ళు నీళ్ళలోకి చాపుకుంది. చాలాసేపు అరచేత్తో ఆ నీళ్ళు తడిమింది. తర్వాత నీళ్ళతోనే మాట్లాడింది. "గింత దూరం నడిచినవా తల్లీ" అంది. ఆ మాట విని గంగామణికి కళ్ళు తడిశాయి. నాకైతే ఈ కథలో అన్నిటికంటే ఇష్టమైన చోటు అదే. కథ అక్కడే అయిపోతే బాగుండేది.

గంగామణి రెండుసార్లు బయలుదేరదామంది. అవ్వని ఇంకాసేపు కూర్చోనిమ్మన్నాడు లింబాద్రి. అలాగని అతను అజాగ్రత్తగా ఏమీ లేడు. లష్కరు బుద్ధి పోతుందా? మాటిమాటికీ లేచి నిలబడి, చెయ్యి కళ్ళకు అడ్డం పెట్టుకుని, నది ఎగువ వైపు చూస్తూనే ఉన్నాడు. ఆకాశంలో మబ్బు లేదు. పైన వాన లేదు. నీళ్ళు రావాలంటే పై నుంచే రావాలి. ఎగువన నీళ్ళు పెరిగితే ముందు తనకే తెలుస్తుంది. ఇరవై ఆరేళ్ళు అతను చేసింది ఆ కాపలానే, ఇక్కడా అంతే శ్రద్ధగా చేశాడు. అతను ఎగువకి చూస్తుంటే, అతని వీపు వెనక సముద్రం మెల్లగా లేచింది.

పొద్దు వాలుతుండగా తిరిగి పాయ దగ్గరికి వచ్చారు. లింబాద్రి చూసి నమ్మలేకపోయాడు. చిన్న పాయ కాస్తా ఏరైపోయింది. అంతకంటే వింత, నీళ్ళు లోపలికి పరుగెత్తుతున్నాయి, సముద్రం నుంచి ఊరి వైపు. పడవలో చూసిన గుర్రపుడెక్క అప్పుడు గుర్తొచ్చింది. గాలి లేదు. ఆకు కదలడం లేదు. నీళ్ళు మాత్రం ఎదురెక్కుతూనే ఉన్నాయి. అతని కాళ్ళ కింద దిబ్బ కూడా అంచుల నుంచి కరుగుతోంది.

అతను దిగి లోతు చూశాడు. నడుము దాటింది. వెనక్కి వచ్చి తల్లిని వీపు మీద ఎక్కించుకున్నాడు. నాలుగడుగులు వేసేసరికి నీళ్ళు ఛాతీకి వచ్చాయి. ప్రవాహం పక్కనుంచి తోసింది. ఒక కాలు ఇసుకలో దిగబడింది. నర్సుబాయి నడుము దాకా తడిసింది. గంగామణి వెనకనుంచి కొంగు పట్టి లాగకపోతే ఇద్దరూ కొట్టుకుపోయేవారే. ముగ్గురూ తిరిగి దిబ్బ మీదికి వచ్చి, ఉన్నంతలో ఎత్తుగా ఉన్న చోట నిలబడ్డారు. పొద్దు గుంకుతోంది. లింబాద్రి ఊరి వైపు తిరిగి అరిచాడు. అలల హోరులో తన అరుపు తనకే సరిగ్గా వినిపించలేదు.

నర్సుబాయి కొడుకు భుజం మీద చెయ్యి వేసింది.

"ఇద్దరికీ ఈత వస్తది. మీరు పోండి బిడ్డా. నేను చూడాలనుకున్నది చూసిన" అంది.

లింబాద్రికి ఆ మాట చివరిదాకా వినబడింది. పూర్తిగా అర్థమైంది. అర్థం కాకపోతే బాగుండునని జీవితంలో మొదటిసారి అనిపించింది. తల్లి చెయ్యి రెండు చేతులతో పట్టుకుని, చిన్నపిల్లాడిలా ఏడ్చాడు.

ఇక ఇటు బీచిలో ఏం జరుగుతోందో చెప్పాలి. అక్కడ అలివి వల లాగుతున్నారు. పడవ మీద వలని సముద్రంలో అర్ధచంద్రంలా వేసి వస్తారు. దాని రెండు కొసల తాళ్ళూ ఒడ్డున ఉంటాయి. ఊరంతా రెండు జట్లయి లాగుతుంది. ఎవరైనా సరే, తాడు మీద చెయ్యి వేసినవాళ్ళకి చేపల్లో వాటా ఉంటుంది. అయితే రెండు జట్లూ ఒకే జోరున లాగాలి. ఒక తాడు వదులైతే వల అడుగు లేచి, చేపలన్నీ కిందనుంచి జారిపోతాయి. ఆ ఊళ్ళో పదకొండు రోజులుగా వలకి సరిగ్గా చేప పడలేదు. ఆరోజు పడింది. వల పైన పక్షులు ముసురుకున్నాయి, నీళ్ళలో కవళ్ళ చేపలు తళతళలాడుతున్నాయి. ఇంకో పావుగంట లాగితే ఒడ్డెక్కుతాయి. వలకి పెద్ద ధర్మరాజు, ముందు నిలబడి జోరు చెప్తున్నాడు.

మసేనమ్మ తాడు లాగుతూనే దిబ్బ వైపు చూస్తోంది. ముందు వస్తారులే అనుకుంది. తర్వాత ఇప్పుడైనా వస్తారులే అనుకుంది. చివరికి దిబ్బ నడినెత్తిన మూడు బొమ్మల్లా మనుషులు కనిపించారు. ఆమె తాడు వదిలేసింది.

"ధర్మరాజూ, మా సుట్టాలు దిబ్బ మీద ఉండిపోయారు. ముసలావిడుంది" అంది.

ధర్మరాజు ఒకసారి వల వంక చూశాడు. ఒకసారి దిబ్బ వంక చూశాడు. పున్నమి పోటు ఎంత ఎక్కుతుందో అతనికి తెలుసు. పెద్ద పడవ ఒడ్డున ఉంది. దాన్ని అలల మీదుగా నెట్టాలంటే బలమైన మనుషులు పది మంది కావాలి. ఆ పది మందీ తాడు వదిలితే మిగిలిన ఆడవాళ్ళూ ముసలివాళ్ళూ వలని ఆపలేరు. ఇవన్నీ అతనికి క్షణంలో తట్టి ఉంటాయి. పైకి మాత్రం ఒక్క మాటే అన్నాడు.

"పడవ తొయ్యండి."

ఒక్కరు కూడా గొణగలేదు. పది మంది తాడు వదిలి పడవకి భుజం పెట్టారు. వల సడలిపోయింది. పక్షులు లేచిపోయాయి.

పడవ దిబ్బకి చేరేసరికి నీళ్ళు నర్సుబాయి మోకాళ్ళ దాకా వచ్చాయి. ఇద్దరు మనుషులు ఆమెని చేతుల మీద కూర్చోబెట్టి, గాజుబుడ్డిని దించినంత జాగ్రత్తగా పడవలో దించారు. పడవ ఒడ్డుకి తిరిగొచ్చేసరికి మసేనమ్మ నడుములోతు నీళ్ళలోకి ఎదురొచ్చేసింది. నర్సుబాయిని వాటేసుకుని ఏడ్చింది, ఏడుస్తూనే తిట్టింది. ఆమె తిట్టింది నర్సుబాయిని కాదు, తనని తానే, వెంటపడి చెప్పనందుకు. వాళ్ళని ఆ ఊళ్ళో ఎవరూ ఒక్క మాట కూడా అనలేదు.

అనకపోవడమే లింబాద్రికి కష్టమైంది. అతని కళ్ళ ముందే వల ఒడ్డెక్కింది. నాచూ, నాలుగు పీతలూ, పిడికెడు చేపలూ తప్ప అందులో ఏమీ లేవు. ఆడవాళ్ళు తట్టలు బోర్లించి వాటి మీద కూర్చున్నారు. ఇది ఎందువల్ల అని అతను గంగామణి చేత అడిగించాడు. ఒకావిడ మెల్లగా సంగతి చెప్పింది, పదకొండు రోజుల సంగతి కూడా. లింబాద్రి ధర్మరాజు ముందుకు వెళ్ళి చేతులు కట్టుకు నిలబడ్డాడు. క్షమించమని అడగబోయాడు.

"ముందు మామ్మగారికి పొడిబట్టలు కట్టించండి. సేపలు ఎక్కడికీ పోవు, సముద్రంలోనే ఉంటాయండి" అని ధర్మరాజు వల మడత పెట్టుకోవడానికి వెళ్ళిపోయాడు.

దీపాలు పెట్టే వేళకి నర్సుబాయి వేడి టీ తాగి, మసేనమ్మ చీర కట్టుకుని, దుప్పటి కప్పుకుని కూర్చుంది. లింబాద్రి వచ్చి మసేనమ్మకి ఎదురుగా నేల మీద కూర్చున్నాడు. పగటిపూట చెప్పబోయిన మాటేదో ఇప్పుడు చెప్పమని అడిగాడు. ఆమె చెప్పింది. సముద్రం రోజుకి రెండుసార్లు పొంగుతుందనీ, రెండుసార్లు తీస్తుందనీ, పొంగితే పోటు, తీస్తే పాటు అంటారనీ చెప్పింది. పున్నమికీ అమావాస్యకీ పోటు బలంగా ఉంటుందని చెప్పింది. "ఈ పాయకి నీళ్ళు పై నించి రావు తమ్ముడుగారూ, సముద్రం నించి వస్తాయి. ఎల్లినోళ్ళు పొద్దు వాలకుండా తిరిగొచ్చేయాలి. అదేనండి నేను సెప్పబోయింది" అంది. అక్కడితో ఆగలేదు. మసేనమ్మ మొదలుపెడితే ఆగే మనిషి కాదు. తన పెళ్ళినాడు పోటు ఎలా వచ్చిందో, పెళ్ళివారి పడవ ఏ పాయలో చిక్కుకుందో, అత్తగారు ఆరోజు అలిగి ఏ కూర తినలేదో, అన్నీ చెప్పింది. లింబాద్రి కదలకుండా, కళ్ళు తిప్పకుండా విన్నాడు. అత్తగారి కూర సంగతి కూడా విన్నాడు. చివరికి ఆమె, తెలిసిందా, అని అడిగింది.

"ఇంకొక్కపారి చెప్పక్కా" అన్నాడు లింబాద్రి.

గంగామణి వంటింట్లో నుంచి తొంగి చూసింది. పెళ్ళై పాతికేళ్ళయినా తన భర్త నోట ఆ మాట ఆమె ఎప్పుడూ వినలేదు.

మర్నాడు తెల్లవారుతూనే లింబాద్రి బీచిలో ఉన్నాడు. తాడు ఎక్కడ పట్టాలో, కాలు ఎలా తన్నిపెట్టాలో, ఎప్పుడు ఆగాలో ధర్మరాజు చెప్తుంటే చివరిదాకా విని, తెలియనిది మళ్ళీ అడిగి, అప్పుడు పట్టాడు. గంగామణి ఆడవాళ్ళ జట్టులో చేరింది. నర్సుబాయి ఊరుకుంటుందా? ఒడ్డున కూర్చుని, లాగినవాళ్ళ వెనక చుట్టలుగా పడుతున్న తాడు కొసని రెండు చేతులతో పట్టుకుంది. లాగింది ఎంతో, పట్టుకుంది ఎంతో దేవుడికే తెలియాలి. లింబాద్రి అరచేతులు బొబ్బలెక్కాయి. ఎండ వచ్చేవేళకి వల ఒడ్డెక్కింది. నిన్నటంత కాదు గాని, తట్టలు నిండాయి. ఆడవాళ్ళు నవ్వుతూ ఒకరినొకరు కేకలేసుకున్నారు.

ఇసుక మీద వాటాలు వేశారు. లింబాద్రి దూరంగా వెళ్ళి నిలబడ్డాడు. ధర్మరాజు పిలిచి మూడు వాటాలు చూపించాడు, ఒకటి అతనికి, ఒకటి గంగామణికి, ఒకటి నర్సుబాయికి. లింబాద్రి తల అడ్డంగా ఊపాడు. నిన్న ఊరందరి చేపలూ తన వల్లే పోయాయనీ, ఈ వాటా తను ముట్టలేననీ చెప్పబోయాడు. నర్సుబాయి కర్రతో నేల మీద తట్టింది.

"లింబా, ఆయన చెప్పేది మొత్తం ఇను" అంది.

లింబాద్రి నోరు మూసుకున్నాడు. ధర్మరాజు మాటలు వెతుక్కునే మనిషి, నెమ్మదిగా చెప్పాడు.

"నిన్న మా తాడు మేమే వదిలామండి. మనిషి నీళ్ళలో ఉంటే ఇక్కడ ఎవరైనా వదులుతారు. రేపు మా వాళ్ళెవరైనా మీ కాలవలో పడితే, మీరు గేటు దించరా? ఇయ్యాళ మీరు తాడు పట్టారు. తాడు పట్టినోళ్ళంతా మావోళ్ళేనండి. తీసుకోండి."

లింబాద్రి చివరి మాట దాకా విన్నాడు. తర్వాత కూడా కాసేపు ఆగాడు, ఆయన ఇంకేమైనా చెప్తాడేమోనని. ఆయన ఇక చెప్పేదేమీ లేదని తెలిశాక, రెండు చేతులూ చాచి వాటా అందుకున్నాడు.

నీతి: మన ఊళ్ళో మనకు ఎంత తెలిసినా, కొత్త చోటికి వెళ్ళినప్పుడు అక్కడివాళ్ళు చెప్పే మాట చివరిదాకా వినాలి, అసలు విననివాడు కనీసం ఆగి అడుగుతాడు, సగం విన్నవాడే అన్నీ తెలుసనుకుని నీళ్ళలోకి దిగుతాడు.